డెట్రాయిట్‌లో బస మోసం, మెంఫిస్‌లో భోజనం: మోటౌన్, స్టాక్స్ చూసొచ్చాం

ముందే చెప్పేస్తున్నా. అమెరికా నల్లవాళ్ల "సోల్" పాటలు చేసిన డెట్రాయిట్ రికార్డు కంపెనీ మోటౌన్, మెంఫిస్‌లో అలాంటిదే స్టాక్స్. మోటౌన్ మ్యూజియం కోసం డెట్రాయిట్ తప్పకుండా వెళ్లండి. "సోల్ మ్యూజిక్ హౌస్", "పాటల ఇల్లు" అంటూ పేర్లు పెట్టి ఆన్‌లైన్‌లో అద్దెకిచ్చే కొంపల జోలికి మాత్రం పోకండి. రెండు రాత్రులకు 236 డాలర్లని చూపించిన ఇల్లు మాకు 484కి తేలింది. ఆ లెక్క రాసేదాకా నా కడుపుమంట చల్లారదు.

వెళ్లింది నలుగురం: నేను, మా ఆయన, హైస్కూల్లో చదివే మా అమ్మాయి, వేసవికి తెనాలి నుంచి వచ్చిన మామయ్యగారు. మేముండేది షికాగో పక్కన నేపర్‌విల్‌లో. ఈ పాటల పిచ్చి నాది. ఈ దేశంలో నా మొదటి ఉద్యోగంలో పక్క సీటావిడ చర్చిలో పాడేది. లంచ్ టైంలో టెంప్టేషన్స్, ఫోర్ టాప్స్, సుప్రీమ్స్ అనే మోటౌన్ బృందాల పాటలు వినిపించి నన్ను పాడుచేసింది. మా ఆయనకు ఏ పాటైనా ఒకటే, డ్రైవింగ్ ఉంటే చాలు. మామయ్యగారు రిటైరైన మాస్టారు, ఒకప్పుడు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. "ఎవరి పాటైతేనేం అమ్మాయ్, శ్రుతి ఉంటే సరి, పదండి" అన్నారు. పిల్ల మాత్రం మూతి ముడుచుకునే కారెక్కింది.

దారి గురించి చెప్పుకోవడానికేమీ లేదు. పులిహోర తిన్నాం, చేరాం.

ఇక ఆ ఇల్లు. ఫొటోల్లో గోడ నిండా పాత రికార్డులు, మూలన రికార్డ్ ప్లేయర్. రాత్రికి 118. బుక్ చేసేటప్పుడే క్లీనింగ్‌కి 95, సర్వీస్ ఫీజు 41, పన్ను 22 కలిపి 394 అయింది. ఇక్కడ ఇది మామూలేగా అని సర్దుకుని కట్టేశాం. కారు ఆపిన కాసేపటికి ఓనర్ మెసేజ్ వచ్చింది: వెనకున్న ఖాళీ జాగాలో కారు పెడితే రాత్రికి 25, ఇద్దరికి మించితే మనిషికి రాత్రికి 10. అంటే ఇంకో 90. ఇదేమిటని అడిగితే "రూల్స్‌లో ఉంది, చదువుకోండి" అని జవాబు. నేను చదివాను. బుక్ చేసిన రోజు తీసిన స్క్రీన్‌షాట్లు నా ఫోన్‌లో ఉన్నాయి. పార్కింగ్ ఉందని రాశారు, దానికి డబ్బులని ఎక్కడా లేదు. నలుగురమని మేము నింపిన ఫారమ్‌లోనే ఉంది. మా ఆయన ఏమన్నారో తెలుసా? "ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండుంటుందిలే, నువ్వు చూసుండవు." ఆ సాయంత్రమంతా ఆయనతో మాట్లాడలేదు.

గ్రౌండ్ ఫ్లోర్ అన్నది తీరా చూస్తే బేస్‌మెంట్. మెట్లు ఇరుకు, పట్టుకునే కమ్మీ ఊగుతోంది. మోకాళ్ల నొప్పులున్న మామయ్యగారు ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతుంటే నాకు ప్రాణాలు పోయాయి. రికార్డ్ ప్లేయర్‌కి ముల్లు లేదు. గోడ మీద రికార్డుల్లో డెట్రాయిట్‌వి ఒక్కటీ లేవు, అన్నీ క్రిస్మస్ పాటలు, హవాయి గిటార్లు. అర్ధరాత్రి స్మోక్ అలారం బ్యాటరీ అయిపోయి నిమిషానికోసారి కీచుమంది. ఓనర్‌కి మెసేజ్ పెడితే పొద్దున్నే సలహా వచ్చింది, బ్యాటరీ కొని వేసుకోమని. 9 డాలర్ల 49 సెంట్లు, అదీ మాదే.

అందుకే మర్నాడు మ్యూజియానికి నేను కోపంగానే వెళ్లాను. లోపల పది నిమిషాలకే కరిగిపోయాను.

2648 వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్. పెద్ద భవనమేదో ఉంటుందనుకుని వెతక్కండి, దాటిపోతారు. మామూలు రెండంతస్తుల ఇల్లు, ముఖాన "హిట్స్‌విల్ యు.ఎస్.ఎ." అని నీలి అక్షరాలు. కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పనిచేసిన బెర్రీ గోర్డీ, ఇంట్లోవాళ్లందరూ కలిసి దాచుకున్న ఉమ్మడి నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని 1959లో కంపెనీ పెట్టాడు, ఆ ఏడాదే ఈ ఇల్లు కొన్నాడు. పైన కాపురం, కింద ఆఫీసు, వెనక రికార్డింగ్. 1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయాక ఇంటిని కనిపెట్టుకుని ఉన్నది ఆయన అక్క ఎస్తర్ గోర్డీ ఎడ్వర్డ్స్. 1985లో దీన్ని మ్యూజియంగా మార్చింది ఆవిడే.

టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. గైడ్‌తోనే తిప్పుతారు, లోపల ఫొటోలు తీయనివ్వరు. దానివల్ల మాకు జరిగిన మేలేమిటంటే, అమ్మాయి ఫోన్ బ్యాగులోకి వెళ్లింది, తల పైకి లేచింది.

పై అంతస్తులో సీలింగ్‌కి ఒక రంధ్రం ఉంటుంది. కింద స్టూడియోలో పాడిన గొంతును అటకలో స్పీకర్ ద్వారా వదిలి, అక్కడి గుంయ్‌మనే శబ్దాన్ని మైకుతో పట్టి మళ్లీ పాటలో కలిపేవారు. మెషీన్లు కొనే డబ్బులు లేనప్పుడు అటకే వాళ్ల ఎకో మెషీన్. దాని కింద నిలబడి చప్పట్లు కొట్టమంది గైడ్. అందరూ కొట్టారు. మామయ్యగారు ఊరుకుంటారా? నాలుగడుగులు ముందుకేసి, తలెత్తి, ఒక పద్యానికి ముందు తీసే రాగం అందుకున్నారు. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అలబామా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ "మళ్లీ, మళ్లీ" అంది. సిగ్గుతో చచ్చిపోతానన్న మొహం పెట్టుకున్న మా అమ్మాయే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

స్టూడియో ఎ చూస్తే మన ఇళ్లలో కాస్త పెద్ద హాలంత ఉంటుంది. 1877 నాటి స్టెయిన్‌వే పియానో ఉంది. పాల్ మెకార్ట్‌నీ 2011లో ఇక్కడికొచ్చి, దాని అవస్థ చూసి, బాగుచేయించే పూచీ తీసుకున్నాడు. గాయకుల ఫొటోలు, మెరుపుల డ్రెస్సులు అందరూ చూస్తారు, చూడండి. కానీ నేను అంత దూరం వెళ్లింది ఆ పాటలు రాసినవాళ్ల కోసం. హాలండ్, డోజియర్, హాలండ్ అని ముగ్గురు. బ్రయన్ హాలండ్, లామాంట్ డోజియర్ బాణీ, రికార్డింగ్ చూసుకునేవారు. బ్రయన్ అన్న ఎడ్డీ ఆ బాణీకి మాటలు కూర్చేవాడు. మన సినిమాల్లో ట్యూన్ ఇచ్చి పాట రాయించుకునే పద్ధతే. సుప్రీమ్స్ పాటలు 12 అమెరికాలో నంబర్ వన్ అయితే అందులో 10 ఈ ముగ్గురివే.

ఫోర్ టాప్స్‌కి వీళ్లు చేసిన పని నాకు ఇంకా ఇష్టం. వాళ్ల ప్రధాన గాయకుడు లెవీ స్టబ్స్‌ది బరువైన గొంతు. వీళ్లు కావాలనే శ్రుతి పెంచి, గొంతు చించుకుంటే తప్ప అందని చోట పాట పెట్టేవారు. 1966లో నంబర్ వన్ అయిన "రీచ్ అవుట్ ఐల్ బీ దేర్" వింటే తెలుస్తుంది, పాడుతున్నాడా, మొత్తుకుంటున్నాడా అనిపిస్తుంది. రాత్రి ఈ సంగతి చెబితే మామయ్యగారు నవ్వి, "రాయబారం పద్యాలకి మేమూ ఒక మెట్టు పైకే పట్టేవాళ్లం. హాయిగా అందితే జనానికి ఆనదు" అన్నారు. ఫోర్ టాప్స్ నలుగురూ 1953లో కలిశారు. 1997లో వాళ్లలో ఒకడైన లారెన్స్ పేటన్ పోయేదాకా ఒక్క మనిషి మారలేదు.

టెంప్టేషన్స్ కథ వేరు, వాళ్లలో మనుషులు మారుతూనే ఉన్నారు. "మై గర్ల్" 1964 డిసెంబర్‌లో వచ్చింది. రాసింది స్మోకీ రాబిన్సన్, అతనితోపాటు మిరకిల్స్ బృందంలో పాడే రొనాల్డ్ వైట్. అప్పటిదాకా వెనక వరసలో పాడుతున్న డేవిడ్ రఫిన్‌ని ముందు నిలబెట్టారు. మొదట బేస్ గిటార్, దానిమీద రాబర్ట్ వైట్ గిటార్ మెట్లెక్కుతున్నట్టు వస్తుంది, తర్వాత గొంతు, వెనక మిగతావాళ్లు, ఆపైన వయొలిన్లు. ఆ గిటార్ నాలుగు క్షణాలు విని ప్రపంచంలో ఎవరైనా పాట గుర్తుపడతారు. వాయించినవాడి పేరు మాత్రం అప్పటి రికార్డు మీద ఉండేది కాదు. ఫంక్ బ్రదర్స్ అని పిలిచే ఆ వాద్యకారుల పేర్లు మోటౌన్ అట్ట మీదకెక్కింది 1971లో, గాయకుడు మార్విన్ గే "వాట్స్ గోయింగ్ ఆన్" ఆల్బమ్‌తో. అదే పేరున్న పాట పుట్టించినవాళ్లలో ఫోర్ టాప్స్‌కి చెందిన ఓబీ బెన్సన్ ఒకడు.

పాటలు రాసిన హాలండ్, డోజియర్, హాలండ్ ముగ్గురికీ కంపెనీతో డబ్బుల దగ్గరే చెడింది. 1968లో మోటౌన్ ఈ ముగ్గురి మీద 40 లక్షల డాలర్లకు దావా వేస్తే, వీళ్లు 2 కోట్ల 20 లక్షలకు ఎదురు దావా వేశారు. ఆ గొడవ నడిచినన్నాళ్లూ సొంత పేరుతో పాట రాసుకునే వీల్లేక "ఎడిత్ వెయిన్" అనే దొంగ పేరు వేసుకున్నారు. 90 డాలర్లకే నాకు నిద్ర పట్టలేదు. వాళ్ల సంగతేమిటో అనుకున్నాను.

శాకాహారులకో మాట. డెట్రాయిట్‌లో ఉంటే భోజనానికి పక్కనే ఉన్న డియర్‌బోర్న్ వెళ్లండి. అరబ్బుల హోటళ్లలో హమ్మస్, ఫలాఫెల్ తాజాగా దొరుకుతాయి. నలుగురికి 52 డాలర్లయింది, మర్నాటికి కూడా మిగిలింది.

డెట్రాయిట్ నుంచి మెంఫిస్ పొద్దున్నే బయలుదేరితే రాత్రికి చేరాం. మెంఫిస్‌లో దిగింది పేరూ ఊరూ లేని మామూలు మోటెల్. రాత్రికి 89 అన్నారు, పన్ను తప్ప ఒక్క సెంటు ఎక్కువ తీసుకోలేదు. ఏసీ పనిచేసింది, కారు ఊరికే పెట్టుకున్నాం. ఇంతకంటే ఏం కావాలి?

స్టాక్స్ మ్యూజియం 926 ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూలో ఉంది. రెండింటిలో ఒక్కటే చూసే టైం ఉంటే, మోటౌన్ పేరు పెద్దదైనా, నా ఓటు దీనికే. ఇక్కడ గైడ్ తొందరపెట్టడు, ఎంతసేపైనా నిలబడి వినొచ్చు. జిమ్ స్టూవర్ట్, అతని అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ ఒక పాత సినిమా హాలు తీసుకుని స్టూడియో చేశారు. నేల వాలుగా ఉంటే సమం చేయడానికి డబ్బులు లేక అలాగే వదిలేశారు. ముందున్న క్యాండీ కౌంటర్ జాగాలో ఎస్టెల్ రికార్డుల షాపు నడిపేది. కొత్త పాట తయారైతే ముందు ఆ వీధి పిల్లలకు వినిపించి, వాళ్లు కాలు కదిపారో లేదో చూసేది. అసలు భవనాన్ని 1989లో కూల్చేశారు. ఇప్పుడున్నది అదే స్థలంలో మళ్లీ కట్టి 2003లో తెరిచింది, వాలు నేలతో సహా.

ఇక్కడి రచయితల జంట ఐజాక్ హేస్, డేవిడ్ పోర్టర్. 1967 జూలైలో డెట్రాయిట్ అల్లర్లలో తగలబడుతుంటే, నల్లవాళ్ల షాపుల మీద "సోల్" అని రాసి ఉంటే వాటిని వదిలేసేవారట. టీవీలో అది చూసిన హేస్‌కి తట్టిన ఆలోచనే శామ్ అండ్ డేవ్ అనే జంట పాడిన "సోల్ మ్యాన్". ఆ అల్లర్లు మొదలైన వీధి మోటౌన్ ఇంటికి ఎంతో దూరం లేదు. రెండు ఊళ్లూ ఒకే ట్రిప్‌లో చూస్తే ఇలాంటివి కలుస్తాయి.

లోపలే నాకు మరో దెబ్బ తగిలింది. స్టాక్స్ రికార్డులు అమ్మిపెట్టే అట్లాంటిక్ రికార్డ్స్ కంపెనీతో 1965లో రాసుకున్న ఒప్పందం మీద జిమ్ స్టూవర్ట్ సరిగా చదవకుండా సంతకం పెట్టాడు. 1968లో విడిపోయేటప్పుడు తెలిసింది, అప్పటిదాకా అట్లాంటిక్ అమ్మిపెట్టిన రికార్డుల మాస్టర్ టేపులన్నీ, అంటే అసలు రికార్డింగులన్నీ, అట్లాంటిక్‌వేనని. అంతకు కొన్ని నెలల ముందే, 1967 డిసెంబర్‌లో, 26 ఏళ్ల స్టాక్స్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ విమాన ప్రమాదంలో పోయాడు. అతని పాటలూ చేజారాయి. మళ్లీ సరుకు పోగేసుకోవడానికి 1969లో ఒక్కసారే 27 ఆల్బమ్‌లు విడుదల చేశారు. ఈ కథ వినగానే మా ఆయన నా వైపు తిరిగి, "చూశావా, చిన్న అక్షరాలు" అన్నారు. "అతను చదవలేదు. నేను చదివాను" అన్నాను. మామయ్యగారు మా ఇద్దరి మధ్యలోంచి నడుచుకుంటూ స్టేపుల్ సింగర్స్ గురించి పెట్టినచోటికెళ్లి నిలబడ్డారు. తండ్రి గిటార్ పట్టుకుని, పిల్లలతో పాడించే కుటుంబం అది. ఆయన అక్కణ్నుంచి కదిలితే ఒట్టు.

అమ్మాయికి నచ్చింది మాత్రం ఐజాక్ హేస్ కాడిలాక్ కారు, బంగారు పూతతో గిర్రున తిరుగుతుంటుంది. సరే, ఏదో ఒకటి నచ్చింది.

మధ్యాహ్నం దగ్గర్లోనే ఉన్న "ది ఫోర్ వే"లో తిన్నాం. 1946 నుంచి ఉన్న హోటల్, స్టాక్స్ వాళ్లూ, మార్టిన్ లూథర్ కింగ్ కూడా తిన్న చోటు. మా ఆయనా నేనూ వేయించిన క్యాట్‌ఫిష్ తీసుకున్నాం. పైన కరకర, లోపల వెన్న. పచ్చిమిరప సాస్ ఒకటి అడిగి తెప్పించుకోండి, అప్పుడు మనదైపోతుంది. ఈ ప్రాంతంలో ఆకుకూరలు మాంసం ముక్కతో ఉడకబెట్టే అలవాటుంది, కాబట్టి శాకాహారులు అడక్కుండా ముట్టుకోవద్దు. వడ్డించే ఆవిడ ఓపిగ్గా ఒక్కోటీ చూపించి, ఏవి తినొచ్చో మామయ్యగారికి విడమరిచి చెప్పింది. చక్కెర పాకంలో మగ్గిన చిలగడదుంప తిని ఆయన "ఇది బొబ్బట్టు లోపలి పూర్ణం కదే" అని రెండోసారి అడిగి వేయించుకున్నారు. పీచ్ కాబ్లర్‌తో సహా నలుగురికీ 71 డాలర్లు, టిప్ వేరే. ఈ ట్రిప్‌లో నేను సంతోషంగా ఇచ్చిన టిప్ అదొక్కటే.

లొరెయిన్ మోటెల్ కూడా ఈ ఊళ్లోనే. కింగ్‌ని 1968 ఏప్రిల్ 4న కాల్చింది అక్కడే, ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం. మంగళవారం మూసేస్తారు, చూసుకుని వెళ్లండి. స్టాక్స్ వాళ్లకు అది రెండో ఆఫీసులాంటిది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకచోట కూర్చోగలిగిన హోటళ్లు ఊళ్లో అరుదు కాబట్టి, "నాక్ ఆన్ వుడ్"లాంటి పాటలు అక్కడి గదుల్లోనే రాసుకున్నారు. సగం రోజు పెట్టుకోండి, పిల్లలకు ముందే కాస్త చెప్పి తీసుకెళ్లండి. మా అమ్మాయి లోపల ఒక్క మాట మాట్లాడలేదు, బయటికొచ్చాక మాత్రం దారంతా తాతయ్యని నిలదీసింది, మన దగ్గర ఇలాంటివి జరగలేదా అని. ఆయన దాచకుండా చెప్పారు.

తర్వాత ఫిలడెల్ఫియా అంటున్నారు మా ఆయన, ఆశ్చర్యంగా ఆయనే. గ్యాంబుల్, హఫ్ అనే రచయితల జంట అక్కడే ఓజేస్ బృందానికి పాటలు రాశారు. వాళ్ల కంపెనీ ఉన్న సౌత్ బ్రాడ్ స్ట్రీట్ భవనం 2010లో మంటల్లో దెబ్బతింది, తర్వాత కూల్చేశారు, అక్కడ చూడ్డానికేమీ మిగల్లేదని చెప్పాను. అయినా వెళ్దామంటున్నారు. సరే, కానీ బస బుక్ చేసేది ఆయనే, చిన్న అక్షరాలు చదివేదీ ఆయనే.