‘ఏడు తరాలు’ చదవాలా, మాల్కం ఎక్స్ ఆత్మకథ చదవాలా?

అలెక్స్ హేలీ అనగానే మనకు గుర్తొచ్చేది ‘ఏడు తరాలు’. సహవాసి అనువాదంలో, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా అది ఎన్నో తెలుగు ఇళ్లకు చేరింది. ‘రూట్స్’ పేరుతో 1976లో వచ్చిన ఆ పుస్తకానికి పదకొండేళ్ల ముందే అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఆత్మకథకు హేలీ సహరచయిత. రెండింట్లో ఒకటే చదివే తీరిక ఉంటే ఆత్మకథే చదవమంటాను.

‘ఏడు తరాలు’ తక్కువదని కాదు. ఆఫ్రికాలోని జుఫూరే పల్లెలో కుంటా కింటే బాల్యం, అతన్ని బానిసగా అమెరికాకు తరలించిన ఓడ అడుగున సంకెళ్లతో సాగిన ప్రయాణం చదువుతుంటే కడుపులో దేవేస్తుంది. కానీ కుంటా కథ ముగిశాక రచన పరుగందుకుంటుంది, చివరి తరాలవాళ్లు సరిగా మనసుకెక్కరు. పైగా కుంటా తన పూర్వీకుడేనంటూ హేలీ చెప్పిన వంశవృక్షం రికార్డులతో కుదరడం లేదని పరిశోధకులు తేల్చారు. హెరాల్డ్ కోర్లాండర్ అనే అమెరికన్ రచయిత నవలలోని కొన్ని భాగాలు ఇందులోకి వచ్చాయని 1978లో కోర్టు కేసు రాజీ సమయంలో హేలీయే ఒప్పుకున్నాడు. కాబట్టి దీన్ని నవలగానే చదవాలి.

ఆత్మకథలో హేలీ తన గొంతు పక్కన పెట్టి మాల్కం గొంతు వినిపించాడు. అదంత తేలిగ్గా జరగలేదు. మొదట్లో మాల్కం తన గురించి పెదవి విప్పేవాడు కాదు, ఎంతసేపూ తన గురువు, ‘నేషన్ ఆఫ్ ఇస్లాం’ అనే నల్లజాతి ముస్లింల సంస్థ నాయకుడు ఎలైజా మహమ్మద్ గొప్పతనమే. మాట్లాడుతూ దొరికిన కాగితం మీదల్లా ఏదో గీకేవాడు. అది చూసి హేలీ కాఫీతోపాటు పేపర్ న్యాప్కిన్లు పెట్టి, అతను వెళ్లాక ఆ రాతలు తీసి చదువుకునేవాడు. ఒక రాత్రి “మీ అమ్మ గురించి చెప్పండి” అన్నాడు. మాల్కం గదిలో నడుస్తూ తెల్లారేదాకా చెప్పాడు: పొయ్యి దగ్గరే నిలబడి ఉన్న కాస్త తిండినీ అందరికీ సరిపెట్టే అమ్మ, ఆమె వెలిసిపోయిన బట్టలు. ఆ పుస్తకానికి ప్రాణం వచ్చింది అక్కడే.

1964లో ఎలైజాతో తెగిపోయాక పాత అధ్యాయాలు తిరగరాస్తానని మాల్కం పట్టుబట్టాడు. హేలీ బతిమాలి ఆపాడు. అందుకే గురువును గుడ్డిగా నమ్మిన మనిషీ, ఆ నమ్మకం విరిగిన మనిషీ ఇద్దరూ మనకు దొరికారు. హేలీకి మాల్కం రాజకీయాలు నచ్చేవి కావు, ఆ ప్రభావం పుస్తకం మీద ఉందన్న విమర్శా సబబే. అయినా నా ఓటు దీనికే. 1965 ఫిబ్రవరి 21న మాల్కంను కాల్చి చంపారు, అచ్చయిన పుస్తకం అతను చూడలేదు.

హేలీ చివర రాసిన సుదీర్ఘమైన మలిమాటను మాత్రం ముందే చదవకండి. ‘ఏడు తరాలు’ ఇప్పటికే చదివినవాళ్లు, తెలుగులో బాగా కుదించారు కాబట్టి, ఇంగ్లిష్‌లో కుంటా భాగమైనా పూర్తిగా చదవండి.