హైంకెల్ 111, యుంకర్స్ 88: ఏది మేలైన బాంబర్?

ఈ రెండూ రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన బాంబర్లు. వేగం అంకెలు పక్కపక్కన పెట్టి యుంకర్స్ 88కే ఓటేసేవాళ్లు ఎక్కువ. గరిష్ఠ వేగం దానిది గంటకు సుమారు 470 కి.మీ., హైంకెల్‌ది 435 దాకా. కానీ అప్పటి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ 560 దాటేది. కాబట్టి 1940లో ఇంగ్లండ్ మీద పగటిపూట ఆ తేడా పెద్దగా అక్కరకు రాలేదు. ఆ వేసవిలో యుంకర్స్ నష్టాలు హైంకెల్ నష్టాల కంటే తక్కువేమీ కాదు. మరో జర్మన్ బాంబర్ డోర్నియర్ 17ను ఈ పోటీలోకి తేనక్కర్లేదు. మోసేది వెయ్యి కిలోలే, తయారీ కూడా 1940లోనే ఆగిపోయింది.

అసలు తేడా బాంబులు పెట్టే చోట ఉంది. హైంకెల్ పొట్టలో నడవకు అటు నాలుగు, ఇటు నాలుగు నిలువు అరలు. ఒక్కో అరలో 250 కిలోల బాంబు ముక్కు పైకి ఉండేలా వేలాడుతుంది. వదిలితే తోక ముందుగా జారి, గాలిలో తిరగబడి, ఆ తర్వాతే సర్దుకుంటుంది. గురి చెదరడానికి అదో కారణం. 500, 1,000 కిలోల బాంబులు ఆ అరల్లో పట్టవు, బయట తగిలించాల్సిందే. అలా తగిలిస్తే లోపలి అరలు వాడుకోలేం, గాలి నిరోధమూ పెరుగుతుంది.

యుంకర్స్‌ది ఇంకా ఇరుకు. లోపల పట్టేవి 50 కిలోల బాంబులే, ముందు అరలో 18, వెనక 10. ముందు అరలో అదనపు పెట్రోల్ ట్యాంక్ పెడితే మిగిలేది ఆ పదే. పెద్ద బాంబులన్నీ రెక్కల కింద వేలాడాలి, అప్పుడు కాగితం మీద చూపిన వేగం గాలికి పోయినట్టే. 1936 డిసెంబరులో మొదటిసారి ఎగిరినప్పుడు అది కేవలం వేగం కోసం గీసిన విమానం. డైవ్ బాంబింగ్ (నిటారుగా కిందికి దూకుతూ బాంబు వదలడం) కూడా చేయాలని జర్మన్ వైమానిక దళంలో సాంకేతిక విభాగం చూసే ఉడెట్ పట్టుబట్టడంతో రెక్కల కింద బ్రేకులు, గట్టి చట్రం చేర్చారు. బరువు పెరిగింది, తయారీ ఆలస్యమైంది. రెండు పడవల మీద కాళ్లంటే ఇదే. అయినా ఓడల మీద దాడికి ఆ డైవ్ బాగా పనికొచ్చింది. 1942 జులైలో రష్యాకు సరుకు మోస్తున్న మిత్రరాజ్యాల ఓడల బృందం పీక్యూ-17 కాన్వాయ్‌ని వేటాడిన జర్మన్ బాంబర్ దళాల్లో 'కేజీ 30' దళం యుంకర్స్‌తో బాంబులు వేసింది, 'కేజీ 26' దళం హైంకెల్‌తో టార్పీడోలు వదిలింది. రెండు టార్పీడోలతో నీటి మీద నిలకడగా ఎగరడం హైంకెల్‌కు చేతనైన పని.

హైంకెల్ పైలట్‌కి మాత్రం ఓ తలనొప్పి ఉంది. ముక్కంతా గాజే కావడంతో వానలో ఏమీ కనపడదు. అందుకే దిగేటప్పుడు సీటు పైకి లేపి, కప్పు పలక జరిపి, తల బయటపెట్టి చూసేవాడు. గాలి కొట్టకుండా చిన్న మడత అద్దం అడ్డం ఉండేది.

స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న జర్మన్ సేనకి సరుకు చేరవేసే పని పడ్డప్పుడు కూడా ముందుకొచ్చింది ఇదే. బయటున్న మొరొజొవ్‌స్కాయ విమానస్థావరం నుంచి ముట్టడి లోపలి పితోమ్నిక్‌కి ఆహారం, ఇంధనం మోసి, గాయపడ్డవాళ్లను వెనక్కి తెచ్చింది. యుంకర్స్ 88లో సిబ్బంది నలుగురూ ముక్కులోనే ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చునేవాళ్లు. సరుకుకి చోటెక్కడ? ఈ మోతలో 1943 ఫిబ్రవరికల్లా పోయిన హైంకెల్‌లు 165. మోతకోసం కట్టని విమానానికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

రెండిట్లో ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు యుంకర్స్‌కే. అయితే బాంబర్‌గా కాదు, మార్చుకోవడానికి వీలున్న చట్రంగా. అదే ఒంటికి రాడార్, ముందుకు కాల్చే ఫిరంగులు బిగిస్తే మంచి నైట్ ఫైటర్ అయింది. 1944 జులై 13న అలాంటిది ఒకటి దారి తప్పి ఇంగ్లండ్‌లోని వుడ్‌బ్రిడ్జ్‌లో దిగింది. బ్రిటిష్ బాంబర్ల తోకలోని హెచ్చరిక రాడార్ 'మోనికా' తరంగాలనే పట్టుకుని అది వేటాడుతోందని అప్పుడు తేలింది. దాంతో బ్రిటిష్‌వాళ్లు మోనికాను పీకేశారు.

హైంకెల్‌కి ఆ ఏడాది మిగిలింది ఒక రెక్క కింద వీ-1 అనే ఎగిరే బాంబు తగిలించుకుని, రాత్రిపూట ఉత్తర సముద్రం మీద తక్కువ ఎత్తులో వెళ్లి వదిలి రావడం. వీ-1 ఇంజన్ అంటుకోగానే ఆ మంట వెలుగులో మోసుకొచ్చిన విమానమే శత్రువుకు కనపడేది. 1944లోనే హైంకెల్ 111 తయారీ ఆపేశారు. యుంకర్స్ 88 నైట్ ఫైటర్ల తయారీ మాత్రం 1945లోకీ సాగింది.