బాక్–స్నెపెన్ మోడల్‌కి నెట్‌లోగో: చూడ్డానికి భేష్, కొలతలకి చాలదు

విశాఖలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి పరిణామ మోడల్ తీసుకునే ఫిజిక్స్, జువాలజీ పిల్లలకి మొదట నెట్‌లోగో అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌నే చెబుతాం. ఉచితం. ఒకసారి ఇన్‌స్టాల్ చేశాక నెట్ అక్కర్లేదు.

పెర్ బాక్, కిమ్ స్నెపెన్ 1993లో ఇచ్చిన పరిణామ మోడల్ నియమం చాలా చిన్నది. వలయంలోని ప్రతి జాతికీ 0, 1 మధ్య ఏదో ఒక సంఖ్య. ప్రతి టిక్‌కీ, అంటే ప్రతి అడుగుకీ, అన్నిటికన్నా తక్కువ సంఖ్య ఉన్న జాతికీ, దాని ఇరుపక్కల వాటికీ కొత్త సంఖ్యలు. బయటినుంచి దేన్నీ సర్దకుండానే దాదాపు అన్ని సంఖ్యలూ 0.667 పైకి చేరి, అక్కడినుంచి మార్పులు చిన్నా పెద్దా విరుచుకుపాట్లుగా వస్తాయి. ఇది కళ్లారా చూపించడంలో నెట్‌లోగోకి వంక పెట్టలేం. ప్యాచ్‌లకి (తెరమీద ఒక్కో జాతికీ ఒక్కో గడి) సంఖ్యను బట్టి రంగు వేయండి: మొదట్లో మార్పు వలయమంతా గెంతుతుంది, పోనుపోను ఎక్కువగా కిందటిసారి మారినచోటి పక్కనే తగులుతుంది.

సెట్టింగ్స్‌లో అడ్డం 0–99, నిలువు 0–0, అడ్డం ర్యాప్ (రెండంచుల్నీ కలిపి వలయం చేసేది) ఆన్. ర్యాప్ మరిచిపోతే అంచు ప్యాచ్‌కి పక్కది దొరక్క 'నోబడీ' ఎర్రర్‌తో రన్ ఆగుతుంది. అది కనిపించే తప్పు కాబట్టి ఫర్వాలేదు. కనిపించనిది, 0, 1 మధ్య దశాంశ సంఖ్యనిచ్చే 'రాండమ్-ఫ్లోట్ 1' బదులు 'రాండమ్ 1' రాయడం. 'రాండమ్ 1' ఎప్పుడూ సున్నానే ఇస్తుంది, ప్రోగ్రాం మాత్రం హాయిగా నడిచిపోతుంది. కోడ్ సరిచూసుకోవాలంటే పక్కవాటి బదులు ఏవో రెండు జాతుల్ని మార్చండి, ఆ 0.667 హద్దు 1/3 దగ్గరికి దిగాలి.

అసలు ఇబ్బంది వేగం. స్థిరస్థితికి పట్టే టిక్‌లు జాతుల సంఖ్యకి సుమారు 2.43వ ఘాతంగా పెరుగుతాయి: 100 జాతులకి 70 వేల స్థాయి, 1,000కి 2 కోట్లు. అతి తక్కువ సంఖ్యను వెతికే 'మిన్-వన్-ఆఫ్' ఆదేశం టిక్ టిక్‌కీ అన్ని ప్యాచ్‌లనూ వెతుకుతుంది. వ్యూ అప్‌డేట్స్ (తెరమీద బొమ్మ గీయడం) తీసేస్తే కొంత నయం, అంతే. ఓపిక పట్టలేక ముందే డేటా తీస్తే విరుచుకుపాట్ల సైజుల పంపిణీకి వచ్చేది తప్పు ఘాతాంకం. ఇలాంటి ఒకే వరుస వలయంలో రావలసింది 1.07 దగ్గర. అంత లాంగ్ రన్‌కి సీ భాషలో ప్రోగ్రాం రాసి, కనిష్ఠాన్ని వెతకడానికి బైనరీ ట్రీ పెట్టుకోవాలి, 1,000 జాతులకి ఒక్కో మార్పుకి పది మెట్లే.

లాంగ్ రన్ మధ్యలో కరెంటు పోయే ల్యాబైతే అప్పటి స్థితినంతా ఫైల్లో దాచే 'ఎక్స్‌పోర్ట్-వరల్డ్'ని లక్ష టిక్‌లకొకసారి పిలవండి. రిపోర్టులో మాత్రం టిక్‌ని సంవత్సరాలుగా రాయొద్దు. ఈ మోడల్‌లో టిక్ అంటే ఒక మార్పు, కాలం కాదు.