లేక్ జెనీవాకి ఒక పూట, బౌలింగ్ గ్రీన్‌కి రెండు రోజులు: వార్‌గేమింగ్ పాత కాగితాల దారిలో

అట్టముక్కలతోనో సీసపు సైనికులతోనో బల్ల మీద యుద్ధాలాడే వార్‌గేమింగ్‌ని దుకాణాల కన్నా పోస్టుమాన్‌లే ఎక్కువ పెంచారు. మేరీల్యాండ్‌లో చార్లెస్ రాబర్ట్స్ 1954లో ‘టాక్టిక్స్’ అనే యుద్ధపు ఆటని అమ్మింది పోస్టులోనే. కాలిఫోర్నియాలోని వైసేలియాలో సైనికుల బొమ్మలు పోసే జాక్ స్క్రూబీ 1957లో ‘వార్ గేమ్ డైజెస్ట్’ పత్రిక మొదలుపెట్టాడు. 1962లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ ‘వార్‌గేమర్స్ న్యూస్‌లెటర్’ తెచ్చాడు. 1964లో అవలాన్ హిల్ అనే ఆటల కంపెనీ పత్రిక ‘ది జనరల్’ వచ్చింది. ఊళ్లో తోడు దొరకనివాళ్లు అందులో ‘ప్రత్యర్థి కావలెను’ అని ప్రకటన ఇచ్చుకునేవారు.

ఆ కాలాన్ని వెతుక్కుంటూ షికాగో నుంచి కారులో అయిదారు రోజుల్లో ముగించుకోగల దారి ఇది: విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా, ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్, న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్. పేరు మొదటిదానికి, సరుకు రెండోదానికి.

లేక్ జెనీవా షికాగోకి వాయవ్యంగా సుమారు 80 మైళ్లు. ఊళ్లోకి రైలు లేదు. మెట్రా రైలు ఇల్లినాయ్‌లోని హార్వర్డ్ దాకానే వస్తుంది, అక్కణ్ణుంచి క్యాబ్ దొరకడం అదృష్టం మీద ఆధారపడిన పని, కాబట్టి కారే మేలు. బ్రాడ్ స్ట్రీట్‌లోని హార్టికల్చరల్ హాల్లోనే తర్వాత ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ సృష్టికర్తల్లో ఒకడైన గ్యారీ గైగాక్స్ 1968 ఆగస్టు 24న జెన్ కాన్ అనే ఆటగాళ్ల సమావేశాన్ని మొదటిసారి పెట్టాడు. అద్దె 50 డాలర్లు. న్యూస్‌లెటర్ల ద్వారా పరిచయమైనవాళ్లు ముఖాలు చూసుకున్నది అక్కడ. హాలు ఇప్పటికీ వాడుకలో ఉంది, లోపల పెళ్లి జరుగుతుంటే బయటి నుంచి చూసి రావడమే. సెంటర్ స్ట్రీట్‌లో గైగాక్స్ ఉన్న ఇంటిని రోడ్డు మీద నుంచే చూడాలి, తలుపు తట్టకూడదు. విలియమ్స్ స్ట్రీట్‌లో గైగాక్స్ ఆటల కంపెనీ టీఎస్‌ఆర్ తొలి దుకాణం నడిచిన చిన్న ఇంటిని మ్యూజియం చేశారు. అది ఏ రోజుల్లో తీస్తారో ముందే కనుక్కోండి. అన్నీ కలిపి మూడు గంటల పని.

బసకి ఊరి నడిబొడ్డు వేసవిలో దండగ, పార్కింగ్‌కి కూడా మీటరు తిరుగుతుంది. పది పన్నెండు మైళ్లలో ఉన్న ఎల్క్‌హార్న్, డెలవాన్‌లలో దిగడం నయం. మార్చిలో గైగాక్స్ పేరు మీద ఆటగాళ్ల సమావేశం గ్యారీ కాన్ జరిగే వారం గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి.

అక్కణ్ణుంచి షికాగో దాటి టోల్ రోడ్డు మీద టొలీడో, ఆపైన ఐ-75 మీద దక్షిణంగా ఇరవై పైచిలుకు మైళ్లు వెళ్తే బౌలింగ్ గ్రీన్. మొక్కజొన్న చేల మధ్య యూనివర్సిటీ ఊరు, చూడ్డానికి ఏమీ లేదు. ఈ యాత్రకి ప్రాణం మాత్రం ఇక్కడే ఉంది. జెరోమ్ లైబ్రరీ నాలుగో అంతస్తులోని పాపులర్ కల్చర్ లైబ్రరీలో పోస్టల్ డిప్లొమసీ, అంటే ‘డిప్లొమసీ’ అనే బల్ల ఆటని ఉత్తరాలతో ఆడించే పత్రికల పెద్ద నిల్వ ఉంది. 1963లో బ్రూక్లిన్‌లో జాన్ బోర్డ్‌మన్ ‘గ్రౌస్టార్క్’తో మొదలుపెట్టిన ఒరవడి అది. ఒక్కో ఆటకి సంవత్సరం, అక్షరం కలిపి సంఖ్య ఇచ్చేవారు (1963ఎ లాగ). పత్రిక పేరుతో పాటు ఈ సంఖ్య కూడా రాసుకు వెళ్తే వెతుకులాట తగ్గుతుంది.

ఆ పత్రికల పెట్టెలు కావాలని లైబ్రరీకి కనీసం వారం ముందు ఈమెయిల్ పెట్టండి. చెప్పకుండా వెళ్తే సగం రోజు ఎదురుచూపులకే పోతుంది. సంచి లాకర్లో పెట్టాలి, పెన్ను వద్దు, పెన్సిలే. ఫోన్‌తో ఫొటోలకి అనుమతి అడగండి, ఫ్లాష్ మాత్రం ఆపేయాలి. ఎందుకంటే చాలా సంచికలు స్పిరిట్ డూప్లికేటర్ మీద ఊదారంగులో అచ్చయినవి, వెలుతురు తగిలితే వెలిసిపోతాయి. ఒక మాస్టర్ నుంచి వందో రెండొందలో ప్రతులు తీసేసరికి అక్షరం పలచబడేది, చందాదారుల సంఖ్య పరిమితంగా ఉండటానికి అదీ ఒక కారణం. సైక్లోస్టైల్ చేసినవి నల్లగా నిలిచాయి గానీ కాగితం పెళుసెక్కింది. తుప్పు పట్టిన స్టేపుల్ దగ్గర పేజీని బలవంతంగా విప్పొద్దు.

ఆటల కంపెనీల కేటలాగుల మీద తరచూ తేదీ ఉండదు. చిరునామాలో జిప్ కోడ్ ఉంటే 1963 జులై తర్వాతిది. లేకపోతే ముందుదే అనుకోవద్దు, అలవాటు పడటానికి జనానికి కొన్నేళ్లు పట్టింది. పోస్టులో వచ్చిన ప్రతి అయితే స్టాంపు చూడండి: ఉత్తరానికి 1963లో 5 సెంట్లు, 1968లో 6, 1971లో 8, 1974లో 10. బల్క్ మెయిల్‌కి ఈ లెక్క పనికిరాదు. ఊరు కూడా సాక్ష్యమే. 1971లో ‘చైన్‌మెయిల్’ అనే మధ్యయుగపు యుద్ధాల ఆట నియమాల పుస్తకం వేసిన గైడన్ గేమ్స్ చిరునామా ఇండియానాలోని ఎవాన్స్‌విల్ అయితే తొలి రోజులది, మేన్‌లోని బెల్‌ఫాస్ట్ అయితే 1972లో మారాక వేసింది.

అవలాన్ హిల్ ఆటల్ని పోస్టులో ఆడినవాళ్ల ఉత్తరాలు ఎక్కడైనా కంటబడితే షేర్ల పేర్లు చూసి తికమకపడొద్దు. పాచిక వేసి ‘ఆరు పడింది’ అని రాస్తే ఎదుటివాడు ఎలా నమ్ముతాడు? అందుకే ప్రతి దాడికి ఒక కంపెనీ షేరు, రాబోయే ఒక తేదీ ముందే రాసేవారు. ఆ రోజు పేపర్లో ఆ షేరు అమ్మకాల అంకెలో చివరిదే పాచిక. పోస్టుమార్కు ఆ తేదీ కంటే ముందుదై ఉండాలి, లేకపోతే పేపర్ చూశాకే షేరు ఎంచుకున్నాడని గొడవ.

బసకి ఈస్ట్ వూస్టర్ స్ట్రీట్ హోటళ్లు చాలు. ఫుట్‌బాల్ మ్యాచ్, స్నాతకోత్సవం తేదీలు తప్పించండి.

అక్కణ్ణుంచి రాచెస్టర్ ఆరు గంటల డ్రైవ్. నయాగరాకి ఎటూ వెళ్లే కుటుంబాలు దీన్ని కలుపుకోవచ్చు. ఆటల మ్యూజియం అయిన స్ట్రాంగ్‌లో పిల్లలు సాయంత్రం దాకా బయటికి రారు. పెద్దలకి కావలసింది అక్కడి బ్రయన్ సటన్-స్మిత్ లైబ్రరీ. అపాయింట్‌మెంట్ తప్పనిసరి, మ్యూజియం టికెట్ కొన్నంత మాత్రాన లోపలికి పంపరు. ఆటల రూపకర్త సిడ్ సాక్సన్ డైరీలు ఇక్కడున్నాయి. వార్‌గేమ్ కాగితాలే లక్ష్యమైతే ఒక రోజు సరిపోతుంది. డౌన్‌టౌన్ కన్నా హెన్రియెట్టా వైపు బస చవక, మన వంట సరుకులూ దొరుకుతాయి. నవంబరు నుంచి మార్చి దాకా ఈరీ, బఫెలో మధ్య సరస్సు మీంచి వచ్చి కురిసే మంచు గంటలో రోడ్డు మూసేస్తుంది, ఆ నెలల్లో అయితే బౌలింగ్ గ్రీన్ నుంచే వెనక్కి తిరగండి.