టోకెలావ్: చేపల వాటా, నెల జీతం

పసిఫిక్‌లో అటాఫు, నుకునోను, ఫకావోఫో అనే మూడు పగడపు దీవుల సముదాయం టోకెలావ్. న్యూజిలాండ్ కింద ఉంది. జనాభా చాలా తక్కువ.

ఇక్కడి పాత పద్ధతికి ప్రాణం ‘ఇనాటి’. ఊరంతా కలిసి పట్టిన చేపలను ఒకచోట కుప్ప పోసి, ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి పంచుతారు. పడవ ఎక్కలేని ముసలివాళ్లకూ, చంటిపిల్లలకూ వాటా ఉంటుంది. ఎవరూ అడుక్కోనక్కర్లేదు. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. చేపలకు తోడు కొబ్బరి, సీమపనస ఉండేవి.

ఇప్పుడు ప్రభుత్వ జీతాలు, దుకాణాలు వచ్చాయి. విదేశీ ట్యూనా పడవల లైసెన్సు ఫీజు, న్యూజిలాండ్ సాయం ప్రధాన ఆదాయం. విమానాశ్రయం లేదు. బియ్యం, పిండి సమోవా రాజధాని అపియా నుంచి ఓడలో రావాలి, ప్రయాణం ఒక రోజు పైనే. ఓడ ఆలస్యమైతే టెన్షనే. మధుమేహం కూడా పెరిగింది.

అయినా మందులకూ, పిల్లల చదువులకూ డబ్బు కావాలి. 2012లో వచ్చిన సౌర విద్యుత్తు డీజిల్ ఖర్చు బాగా తగ్గించింది. తిండి విషయంలో మాత్రం నా ఓటు ఇనాటికే. అది నేటికీ నడుస్తోంది.