గ్రామీ టికెట్ బయట కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అమెరికాలో సంగీతానికి ఇచ్చే గ్రామీ అవార్డుల ఫంక్షన్‌కి బయటి సైట్లలో టికెట్లు కొందామనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏటా నామినేషన్లు రాగానే, అందులో మనవాళ్ల పేర్లు కనిపించగానే, "ఈసారి వెళ్దామా" అని ఇళ్లలో మాట మొదలవుతుంది. మా ఇంట్లోనూ అలాగే మొదలైంది. చివరికి నాన్నని లాస్ ఏంజెలెస్ దాకా తీసుకెళ్లి, వానలో రోడ్డు పక్కన నిలబెట్టి, ఫోన్లో చూపించి వెనక్కి తీసుకొచ్చాను.

2024 ఫిబ్రవరి 4న జరిగిన 66వ గ్రామీ సంగతి ఇది. 2023 నవంబర్ 10న నామినేషన్లు ప్రకటించారు. గ్లోబల్ మ్యూజిక్ ఆల్బమ్ విభాగంలో శక్తి అనే ఫ్యూజన్ సంగీత బృందం ఉంది. అందులో తబలా వాయించే జాకిర్ హుస్సేన్ గారి పేరు ఇంకా వేరే విభాగాల్లోనూ ఉంది. నాన్న చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నారు. డెబ్బైల్లో శక్తిలో ఘటం వాయించింది విక్కు వినాయకరాం గారు. ఇప్పుడు అదే బృందంలో ఆయన కొడుకు సెల్వగణేశ్ ఉన్నారు. "తండ్రిని క్యాసెట్లో విన్నాను, కొడుకునైనా కళ్లారా చూస్తానురా" అన్నారు నాన్న. ఆ మాట విన్నాక నేను ఇంకేం ఆలోచించలేదు. ఆలోచించాల్సింది అక్కడే.

ఏ సైటులో కొన్నానో పేరు రాయడం లేదు. ఒకదాని పేరు రాస్తే మిగతావి మంచివనుకుంటారు. చూడ్డానికి అచ్చం అసలు టికెట్ల సైటులాగే ఉంది. సీట్ల మ్యాపు, "ఇంకా నాలుగే మిగిలాయి" అని ఎర్ర అక్షరాలు, పక్కన టైమరు. రెండు టికెట్లు, ఒక్కోటి 1,650 డాలర్లు. కార్డు నంబరు కొట్టాక చివరి పేజీలో ఇంకో 694 డాలర్లు ఫీజులని కలిపాడు. మొత్తం 3,994. అమెరికాలో 2025 మే 12 నుంచి అలా చివర్లో ఫీజులు కలపకూడదు, మొదటి నుంచే మొత్తం ధర చూపించాలని ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) నియమం వచ్చింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా చివరి పేజీలో ఫీజు కలిపితే అక్కడే ఆగిపోండి.

నేను గమనించని విషయం ఇంకోటి ఉంది. టికెట్ మీద సెక్షన్ లేదు, వరస లేదు, సీటు నంబరు లేదు. "జోన్ బి" అని ఉంది, అంతే. జోన్ బి అంటే ఏంటని నేను అడగలేదు. తర్వాత తెలిసింది, నా దగ్గర డబ్బు తీసుకునే నాటికి అమ్మేవాడి చేతిలో టికెట్టే లేదని. ముందు మన దగ్గర వసూలు చేసుకుని, ఆ తర్వాత ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుకుతారు. దొరికితే ఇస్తారు, లేకపోతే కారణాలు చెబుతారు. మామూలు కచేరీలకైతే ఎక్కడో ఓ చోట దొరకొచ్చు. గ్రామీకి ఆ దారి కూడా దాదాపు ఉండదు.

ఎందుకంటే ఇది కౌంటర్లో అమ్మే షో కాదు. దీన్ని జరిపేది రికార్డింగ్ అకాడమీ అనే సంగీత రంగంవాళ్ల సంస్థ. సీట్లు ముఖ్యంగా నామినేట్ అయినవాళ్లకి, అకాడమీ సభ్యులకి, సంగీత కంపెనీలవాళ్లకి, పిలిచిన అతిథులకి. సభ్యులు కొనుక్కునే టికెట్లు కూడా ఇంకొకరికి బదిలీ చేయడానికి వీల్లేదు. అంటే ఎవరి దగ్గరైనా నిజమైన టికెట్ ఉన్నా, అది మన చేతికి వచ్చేసరికి చెల్లకుండా పోవచ్చు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నేను నాన్నకి ఆశ పెట్టేవాణ్ని కాదు.

ఇక మెయిళ్లు. మొదట "ఫంక్షన్‌కి వారం ముందు టికెట్లు వస్తాయి" అన్నాడు. వారం ముందు "72 గంటల ముందు" అన్నాడు. జనవరి 31న ఒక మెయిల్: అతిథుల జాబితాలో మా పేర్లు ఎక్కించాలి, దానికి 480 డాలర్లు ఫోన్ నుంచి నేరుగా బ్యాంకు ఖాతాకి పంపాలి, కార్డు పనికిరాదు. అప్పటికి విమానం టికెట్లు, హోటలు అన్నీ అయిపోయాయి. పంపాను. నా బ్యాంకు యాప్ "ఈ మనిషి మీకు తెలుసా?" అని అడిగింది కూడా. అవునని నొక్కాను.

ఫంక్షన్ రోజు పొద్దున పీడీఎఫ్ వచ్చింది. హోటల్ రిసెప్షన్‌లో ప్రింటు తీయించుకుని చూస్తే, రెండు పేజీల మీదా ఒకే క్యూఆర్ కోడ్. ఒక పేజీ మీద నాన్న పేరు, రెండో పేజీ మీద నా పేరు. నాన్న పేరు అక్షరాలు కొంచెం వంకరగా, కింది గీత మీదకి జారినట్టున్నాయి. ఎవరిదో పేరు చెరిపి దాని మీద అతికించారని అప్పుడే అర్థమైంది. అయినా నాన్నకి చెప్పలేదు. ఆయన అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని, షాలువా మడిచి భుజాన వేసుకుని కూర్చున్నారు.

ఆ రోజు లాస్ ఏంజెలెస్‌లో కుండపోత. భద్రత కోసం దారులు మూసేశారు కాబట్టి కారు దూరంగానే దిగి నడిచాం. మొదటి చెక్‌పోస్టులోనే ఆపేశారు. అక్కడున్న అమ్మాయి స్కాన్ చేసింది, ఎర్ర లైటు వెలిగింది. మళ్లీ చేసింది, మళ్లీ ఎర్ర లైటే. గుర్తింపు కార్డులు తీసుకుని జాబితాలో వెతికింది. చాలా మర్యాదగా, నెమ్మదిగా చెప్పింది, మా పేర్లు లేవని, ఇలా వచ్చినవాళ్లం మేం మొదటివాళ్లం కాదని. నాన్న తల ఊపి, ఆ తడిసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

రోడ్డవతల ఒక షెడ్డు కింద నిలబడి యూట్యూబ్ పెట్టాను. అప్పుడు తెలిసిన ఇంకో సంగతి ఉంది, నిజమైన టికెట్ దొరికే అవకాశం ఉన్నవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోండి. ఆ ఏడాది 94 విభాగాలు. అందులో ఎనభైకి పైగా అవార్డులు మధ్యాహ్నమే, పక్కనున్న పీకాక్ థియేటర్లో, ప్రీమియర్ సెరిమనీలో ఇచ్చేస్తారు. సాయంత్రం క్రిప్టో డాట్ కామ్ అరీనాలో టీవీలో వచ్చే షోలో ఇచ్చేవి చాలా కొద్ది. శక్తి విభాగం మధ్యాహ్నం దాంట్లోదే. నాకు అమ్మినవాడు మాత్రం "మెయిన్ షోలో శక్తిని దగ్గర నుంచి చూడొచ్చు" అని రాశాడు. ఏ అవార్డు ఎక్కడ ఇస్తారో కూడా వాడికి తెలియదు. ఆ ప్రీమియర్ సెరిమనీని అకాడమీ వాళ్లే ఇంటర్నెట్‌లో ఉచితంగా ప్రసారం చేస్తారు, ఎవరైనా చూడొచ్చు.

శక్తి పేరు చదివినప్పుడు నాన్న నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. స్టేజి మీద శక్తిలో పాడే శంకర్ మహదేవన్ గారు తన భార్యకి కృతజ్ఞతలు చెబుతుంటే, ఫోను తెర మీద వాన చినుకులు తుడుస్తూ చూశాం. జాకిర్ గారికి ఆ రోజు మూడు గ్రామీలు వచ్చాయి. ఆయన ఉన్నది మాకు రోడ్డవతల, ఒక భవనం లోపల.

అక్కడే ఒకాయన గొడుగు పట్టుకుని వచ్చి, "సీట్ ఫిల్లర్‌గా పంపిస్తా, మనిషికి 400" అన్నాడు. దీని గురించి కూడా చెప్పాలి. ఎవరైనా లేచి బయటికి వెళ్తే కెమెరాలో సీటు ఖాళీగా కనబడకూడదని కాసేపు కూర్చోబెట్టే వాళ్లని సీట్ ఫిల్లర్లు అంటారు. వాళ్లని ముందే ఎంపిక చేసుకుంటారు. ఆ పనికి డబ్బు కట్టడం అన్నది ఉండదు. రోడ్డు మీద అమ్మాడంటే మోసమే.

ఇంటికొచ్చాక ఫిబ్రవరి 6న కార్డు బ్యాంకుకి ఫిర్యాదు చేశాను. సైటువాడు "100 శాతం గ్యారంటీ" అంటే డబ్బు వాపసు కాదు, ఇంకో షోకి వాడుకునే క్రెడిట్ అన్నాడు. ఆ క్రెడిట్ ఒప్పుకోకండి. ఒప్పుకుంటే బ్యాంకు దగ్గర మన వాదన బలహీనపడుతుంది. నేను సీట్ల మ్యాపు స్క్రీన్‌షాట్, మెయిళ్లన్నీ, రెండు పేజీల మీద ఒకే కోడ్ ఉన్న ఆ పీడీఎఫ్ జతచేశాను. మూడు నెలలు పట్టింది కానీ 3,994 తిరిగొచ్చింది. నేరుగా పంపిన 480 మాత్రం రాలేదు. నా చేత్తో నేనే పంపాను కాబట్టి బ్యాంకు చేతులెత్తేసింది.

జాకిర్ హుస్సేన్ గారు 2024 డిసెంబర్ 15న కన్నుమూశారు. ఆ వార్త చూసి నాన్న నాకు ఫోన్ చేశారు. ఎక్కువేం మాట్లాడుకోలేదు.

ఇప్పటికే కొనేసినవాళ్లుంటే ముందు గడువు చూసుకోండి. అమెరికా చట్టం ప్రకారం, ఆ చార్జీ కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన రోజు నుంచి 60 రోజుల్లో క్రెడిట్ కార్డు బ్యాంకుకి రాతపూర్వకంగా తెలపాలి. నేను డిసెంబర్‌లో కొన్నాను, స్టేట్‌మెంట్ జనవరిలో వచ్చింది, అందుకే సరిపోయింది. నామినేషన్లు వచ్చిన రోజే ఉత్సాహంగా కొన్నవాళ్లకి, ఫంక్షన్ అయ్యేసరికి ఆ 60 రోజులు దాటిపోయే ప్రమాదం ఉంది. దాటిపోయినా అడగడం మానొద్దు, కార్డు కంపెనీల సొంత నియమాల్లో ఇంకా అవకాశం ఉండొచ్చు. ఈ రోజే అమ్మినవాడికి మెయిల్ పెట్టి సెక్షన్, వరస, సీటు నంబరు, టికెట్ ఎవరి పేరు మీద ఉందో రాసివ్వమనండి. రెండు రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుకి ఫోన్ చేసి, ఎఫ్‌టీసీకి కూడా ఫిర్యాదు చేయండి. విమానం, హోటలు ఇంకా బుక్ చేయకపోతే అప్పటిదాకా చేయకండి.