పర్లాకిమిడి పరిశోధన నైతికత శిక్షణ: సమ్మతి బాగా నేర్పారు, గోప్యత దగ్గర తొందరపడ్డారు

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో ఆరోగ్య సర్వేలకు ఇంటింటికీ తిరిగే ఎం.పి.హెచ్. (ప్రజారోగ్యంలో పీజీ) విద్యార్థులు, కొత్త ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ల కోసం పర్లాకిమిడిలో పెట్టిన రెండు రోజుల శిక్షణ ఇది. రుసుము తక్కువ, భోజనం అందులోనే. తప్పకుండా వెళ్లండి. ఏది వస్తుందో, ఏది రాదో మాత్రం తెలుసుకుని వెళ్లండి.

మనుషుల మీద చేసే పరిశోధనకు హద్దులు గీసిన న్యూరెంబర్గ్ నియమావళి, హెల్సింకీ ప్రకటనల చరిత్రను అరగంటలో ముగించి నేరుగా ఖమ్మం ఉదంతానికి వచ్చారు. మంచి పని చేశారు. 2009లో అక్కడి బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ) టీకా వేస్తూ మొదలైన అధ్యయనం 2010 ఏప్రిల్‌లో ఆగిపోయింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. టీకా మంచిచెడ్డలు వేరే సంగతి, అమ్మానాన్నల్ని అడగకపోవడం అసలు తప్పు. ఆశ్రమ పాఠశాలలు మన వైపూ ఉన్నాయి కాబట్టి ఈ పాఠం అందరికీ గట్టిగా తగిలింది. హెడ్మాస్టరు ఇచ్చేది బడిలోకి రావడానికి అనుమతి, అంతే. తల్లిదండ్రుల సమ్మతి విడిగా తీసుకోవాలి. దానిమీద పిల్లల అంగీకారమూ కావాలి: ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల వాళ్లది నోటిమాటగా, ఆపైన 18 లోపు వాళ్లది రాతలో.

మధ్యాహ్నం చేయించిన సాధన ఈ శిక్షణకే ప్రాణం. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడేవారిలో చాలామంది బడిలో చదివింది ఒడియా. తెలుగు లిపిలో అచ్చేసిన పత్రం ఇస్తే చదవలేక, ఆ మాట పైకి చెప్పలేక సంతకం పెట్టేస్తారు. అందుకని పత్రం ఒడియాలో, వివరణ తెలుగులో. సవర అనే గిరిజన భాష మాట్లాడే గూడేలకైతే ఆ భాష వచ్చిన మనిషి లేకుండా వెళ్లొద్దన్నారు. గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని వాచకాలు రాసిన ఊళ్లో ఈ మాట వినడం ఎంతో బాగుంది.

ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకరి చేత ఇంకొకరిని సమ్మతి అడిగించారు. ‘5 మి.లీ. రక్తం’ అనకుండా ‘ఒక టీ చెంచాడు’ అనాలి. చెప్పడం అయ్యాక ‘అర్థమైందా’ అని అడిగితే లాభం లేదు, ఎవరైనా అవుననే అంటారు. ‘మీరు వద్దంటే ఆసుపత్రి మందులు ఆగిపోతాయా? ఈ రక్తం ఎక్కడికి వెళ్తుంది? మధ్యలో మానేయొచ్చా?’ అని అడిగి, జవాబు వాళ్ల నోట రప్పించాలి. తప్పు చెబితే మళ్లీ వివరించాలి. అప్పటికీ అర్థం కాకపోతే సంతకం తీసుకోకూడదు. వేలిముద్ర వేసేవారికి చదువొచ్చిన సాక్షి ఉండాలి, ఆ సాక్షికి పరిశోధనతో ఏ సంబంధమూ ఉండకూడదు. సర్వేలో డబ్బు తీసుకుని పనిచేస్తున్న ఆశా కార్యకర్త అందుకు పనికిరాదు. క్షేత్రంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

పరిశోధన నైతికంగా ఉందో లేదో చూసి ఆమోదించే ఎథిక్స్ కమిటీ పాఠం క్లుప్తంగా, సరిగ్గా చెప్పారు: 7 నుంచి 15 మంది సభ్యులు, కోరం కనీసం 5, అధ్యక్షులు సంస్థ బయటివారు. సమాచార సేకరణ మొదలయ్యాక దరఖాస్తు పెడితే వెనకటి తేదీతో ఆమోదం రాదని రెండుసార్లు హెచ్చరించారు.

రెండో రోజు గోప్యతకు ముప్పావుగంటే ఇచ్చారు. అది చాలదు. పేరు తీసేస్తే సరిపోతుందన్నట్టు ముగించారు. ముప్పై గడపల గూడెంలో వయసు, జబ్బు, వీధి చెబితే మనిషి ఎవరో తెలిసిపోతుంది. సికిల్‌సెల్ (వంశపారంపర్య రక్త వ్యాధి) పరీక్షలో ఒక అమ్మాయి వాహకురాలని, అంటే ఆ జన్యువును పిల్లలకు అందించగలదని బయటపడితే ఆమె పెళ్లి సంబంధాలే చెడిపోతాయి. పేర్లకు బదులు సంకేత సంఖ్యలు వాడి, ఏ సంఖ్య ఎవరిదో చెప్పే జాబితాను వేరే చోట తాళం వేసి ఉంచాలి. నింపిన పత్రాలను ఫొటో తీసి సూపర్‌వైజర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు గురించి ఒక్క ముక్కా లేదు. అన్నిటికంటే ఎక్కువగా సమాచారం బయటికి పొక్కేది అక్కడే.

ఇంకో లోటు పెద్దది. సర్వేలో గర్భిణికి హిమోగ్లోబిన్ 7 గ్రాముల లోపు, అంటే తీవ్ర రక్తహీనత వస్తే ఏం చేయాలి? అంకె రాసుకుని పక్కింటికి వెళ్లడం ఘోరం. ఏ ఆసుపత్రికి పంపాలి, ఎవరికి ఫోన్ చేయాలి, 108 రాలేని కొండదారిలో బండి ఎవరు చూడాలి, ఖర్చు ఎవరిది అన్నవి ముందే ప్రొటోకాల్‌లో (పరిశోధన ప్రణాళిక పత్రంలో) రాసుకోవాలి. నిర్వాహకులు వచ్చే విడతలో దీనికి ఒక పూట కేటాయించాలి.

వెళ్లేవారు తమ సమ్మతి పత్రాన్ని, ప్రశ్నావళిని వెంట తీసుకెళ్లండి. సాధనలో నమూనా పత్రం కాకుండా మీ సొంతదాన్నే వాడనిస్తారు, లోపాలు అక్కడికక్కడే దొరుకుతాయి.